నేను కట్టించిన గోడ

నరసరావుపేటలో ఇంటీరియర్ డిజైన్ ఆఫీసు తెరిచిన రెండో ఏడు నకరికల్లు వైపు నుంచి ఒక లారీ డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. ఒంటిగది ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలనుకుంటున్నాడు. ఇంట్లో ముగ్గురే మనుషులు. అతను, తల్లి, భార్య. భార్యకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. జాకెట్లు బాగా కుడుతుందని పక్క ఊళ్ల ఆడవాళ్లు కూడా వెతుక్కుంటూ వస్తారట.

"దాని మిషన్‌కి మంచి గది ఒకటి పెట్టండి మేడం. మూల కూర్చుని కుట్టీ కుట్టీ విసిగిపోయుంటది," అన్నాడు.

మనుషులు ఇంట్లో ఎలా మసలుకుంటారో చూశాకే గీత గీస్తానని నేను అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. అలాగే వాళ్ల పాత ఇంటికీ వెళ్లాను. నాపరాళ్లు పరిచిన పొడుగాటి గది. ఒక కొసన పొయ్యి, రెండో కొసన అత్తగారి మంచం, మధ్యలో వీధి తలుపుకు ఎదురుగా మిషన్. అతను చెప్పినట్టు మూల కాదు. ఆ అమ్మాయి నాలుగు కుట్లు వేసి తలెత్తేది, గదంతా ఒకసారి చూసి మళ్లీ కుట్టేది. అత్తగారు మంచం మీద నుంచి బొటనవేలు నోటికి ఆనిస్తే లేచి మంచినీళ్లిచ్చింది. ఆమె చేతులతో ఏదో చెబితే అత్తగారు పకపకా నవ్వింది. నేనున్న గంటసేపూ వాళ్లిద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాసుకున్నాను. ప్రైవసీ లేదు. పొగ బట్టలకు పడుతోంది. మిషన్ దారికి అడ్డం.

ప్లాన్ చూపించడానికి వెళ్లిన రోజు కాగితాలు మంచం మీద పరిచాను. వెనక వైపు ఆమెకు విడిగా గది, పెరట్లో కరివేపాకు చెట్టు కనపడేలా పెద్ద కిటికీ, కిటికీకి ఎదురుగా మిషన్, దారపు రీళ్లకు గోడ నిండా అరలు. భర్త బయట ఫోన్‌లో ఉన్నాడు. నేను అత్తగారికి చెప్పుకుపోతున్నాను. ఆ అమ్మాయి వచ్చి వంగి చూసింది. తన గదికీ వంటగదికీ మధ్యనున్న గోడ గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్దింది. తన కళ్లు చూపించింది, అత్తగారిని చూపించింది, నా వైపు చూసింది.

"ఏందో చెబుతుందమ్మా," అంది అత్తగారు.

"కిటికీ గురించే అయ్యుంటుంది పెద్దమ్మా. వెలుతురు బాగా వస్తుందని చెప్పండి," అన్నాను. ఆమెకు బొటనవేలు ఎత్తి చూపించి కాగితాలు చుట్టేశాను. ఆమె నా వేలి వైపు కాసేపు చూసి, వెళ్లి మిషన్ దగ్గర కూర్చుంది.

ఇల్లు పూర్తయ్యాక ఆ గదికి పసుపు రంగు వేయించి ఫొటోలు తీసి, 'ఆమె కోసం ఆమె లోకం' అని రాసి ఆన్‌లైన్‌లో నా ఆఫీసు పేజీలో పెట్టాను. ఎంతోమంది మెచ్చుకున్నారు. ఆ ఫొటోలు చూసే గుంటూరు నుంచి ఒకావిడ పని ఇస్తానంది.

నాలుగు నెలలకు అతను ఫోన్ చేశాడు. "ఒకసారి వచ్చి చూస్తారా మేడం?"

అలమరా తలుపేదైనా ఊడిందనుకుంటూ వెళ్లాను. హాల్లో అత్తగారు కాలికి పిండికట్టుతో మంచం మీద ఉంది.

"వంటింట్లో తడి మీద జారాను. ఎంతసేపు అరిచానో నాకే తెలవదు. పక్క గదిలోనే ఉందమ్మా అది. నేనరిస్తే దానికేం వినపడిద్ది? పాలు పోసే ఆమె వచ్చి చూసి లేపింది. పాత ఇంట్లో నేను పక్కకి ఒత్తిగిల్లినా తలెత్తి చూసేది."

నేను ఆమె కట్టు వైపు చూశాను.

"ఆ రోజు నీకు గోడ వద్దనే చెప్పిందంట. మొన్న నా కాలు పట్టుకుని ఏడస్తా చెప్పింది. నాకూ అప్పుడు అర్థం కాలా. నువ్వేమో వేలు చూపించి ఎల్లిపోయావు."

సిగ్గుతో తల దించుకున్నాను. తలెత్తితే ఆ అమ్మాయి గుమ్మంలోనే ఉంది. మిషన్ సగం గదిలో, సగం హాల్లో ఉంది. దాన్ని అక్కడిదాకా తనే లాక్కొచ్చుకుంది. నేను ఫొటో తీసిన కిటికీకి పాత చీర కట్టి ఉంది. ఆమెను క్షమించమని అడగాలనుకున్నాను, ఎలా అడగాలో తెలియలేదు. అన్ని నెలలు ఆ ఇంటికి తిరిగి, నీళ్లు కావాలని చెప్పే సైగ తప్ప ఇంకొకటి నేర్చుకోలేదు. చేతులు జోడించాను. ఆమె వాటిని పట్టుకుని కిందికి దించింది.

"ఏం కావాలో ఈసారి తననే అడగండి పెద్దమ్మా," అన్నాను.

ఆమె బట్టల మీద గీసే సుద్దముక్క తీసుకుని, వంటగది వైపున్న పసుపు గోడ మీద నడుమెత్తున అడ్డంగా గీత గీసింది. గీతకు పైనున్నదంతా తీసేయమన్నట్టు సుద్దతో కొట్టివేసింది. అత్తగారు చెప్పింది, "కింది ముక్క బట్టలు పెట్టుకోను ఉంచమంటంది." తరువాత వంటగదిలోకి తీసుకెళ్లి వంట చేస్తున్నా అత్తగారు కనపడేలా స్టవ్ హాలు వైపు తిప్పమంది. మిషన్ పైన ఒక బల్బు పెట్టి, దాని స్విచ్చి అత్తగారి మంచం పక్కన ఉండాలంది. నొక్కితే వెలుగుతుంది, ఆమె చూస్తుంది. ఆమె చెప్పాల్సిందంతా అరగంటలో అయిపోయింది. ఆ అరగంట నేను ముందే ఆమెకు ఇచ్చి ఉండాల్సింది.

అది బరువు మోసే గోడ కాదు కాబట్టి గీతకు పై భాగమంతా వారంలో తీయించాను. "పోనీండి మేడం, మాక్కూడా తట్టలా," అన్నాడు భర్త. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. గోడ పడగొట్టిన రోజు కూడా ఆ ఫొటోలు నా పేజీలోనే ఉన్నాయి. గుంటూరు ఆవిడ ఇంకా ఖాయం చేయలేదని తీయలేదు. ఆవిడ అచ్చం అలాంటి గదే కావాలంటే చేసిచ్చాను కూడా. ఆ తరువాతే తీసేశాను. ఎందుకు తీసేశానో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నా జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకుంటున్నాను. కొన్ని సైగలు వచ్చాయి, తప్పులతోనే. నేను వెళితే ఆమె మిషన్ ఆపి, నాకు అర్థమయ్యేలా ప్రతి సైగా నిదానంగా రెండుసార్లు చేస్తుంది. అంత ఓపిక ఆమెకు నా మీద ఎందుకో నాకు తెలియదు. కళ్లు దించుకోకుండా ఆమె వైపు చూడటం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.