బారెడు తాడు

మూత తీసిన గొయ్యి కనబడితే ఇప్పటికీ దూరంగా చుట్టు తిరిగి పోతాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ.

మాది పూడూరు దగ్గరి పల్లె. పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేళ్లకు పెళ్లయి, తాండూరు పక్క ఊరికి కాపురానికి వచ్చాను. ఇంట్లో ఏదీ పారెయ్యనిచ్చేదాన్ని కాదు. చినిగిన చీరలన్నీ బొంతలయ్యేవి. గనుల దగ్గర పడేసిన నాపరాతి ముక్కలు ఏరుకొచ్చి వాకిట్లో పరిస్తే వానాకాలం బురద తప్పింది. పగిలిన కుండ అడుగు కోళ్లకు నీళ్లు పెట్టడానికి పనికొచ్చింది. "మా కోడలు చెయ్యి పడితే చెత్త సుత పనికొస్తది" అని అత్తమ్మ నలుగురిలో అనేది. అది విన్నప్పుడల్లా నాకు పొగరెక్కేది. ఆ పొగరే నా కొంప ముంచబోయింది.

ఆ ఇంటి జొన్నలు పాతరలో ఉండేవి. పెరట్లో రెండు నిలువుల లోతు గొయ్యి. మనిషి పట్టేంత మూతి. లోపల చుట్టూ జొన్నచొప్ప పేర్చి, గింజలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్లు. ఏడాదైనా గింజకు పురుగు పట్టేది కాదు. కానీ మూసిన పాతర అడుగున చెడ్డ గాలి నిలుస్తుంది. అందుకని బండ తీసి ఒక పూట వదిలేసి, ఆ తర్వాత దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు.

ఆ దీపం దించే తాడు అర్రలో మేకుకు వేలాడుతూ ఉండేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప దాని ముఖం చూసేవాళ్లు లేరు. ఎండాకాలంలో పెరుగు కుండకు ఉట్టి కావాల్సి వచ్చింది. ఊరికే పడి ఉంది కదా అని ఆ తాడులోంచి బారెడు కోశాను. కొసకు మళ్లీ మొదటి లాగే ముడి వేసి తగిలించాను. ఉట్టి బాగా కుదిరింది.

వానలు తగ్గాక, అడుగున మిగిలిన జొన్నల కోసం పాతర తెరిచారు. అత్తమ్మకు చూపు సరిగా ఆనేది కాదు. దీపం దించుతూ, కొస ముడి చేతికి తగలగానే ఆగింది.

"అడుగు ముట్టింది. దీపం మంచిగనే ఉన్నది. దిగు కొడుకా."

మా ఆయన నడుముకు మోకు కట్టుకుని దిగాడు. మోకు రెండో కొస మరిది చేతిలో ఉంది. నేను చాట పట్టుకుని నిలబడ్డాను. లోపల గింజలు ఎత్తిన చప్పుడు కాసేపు వినిపించింది, ఆగిపోయింది. మరిది "అన్నా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. జవాబు లేదు.

"కాలు గిట్ల బెణికిందేమో. నేను దిగి చూస్త" అన్నాడు మరిది, మోకును పక్కనున్న గుంజకు చుడుతూ.

"దిగు. గాలి మంచిగనే ఉన్నది. దీపం ఆరలే గదా" అంది అత్తమ్మ.

అప్పుడు ఆమె చేతిలోని ముడి నా కంట పడింది. నేను వేసిన ముడి. ఆ తాడును పాతర లోతుకు కొలిచి పేనారని, ముడి చేతికొస్తే దీపం అడుగు చేరినట్టేనని అప్పుడు తలకెక్కింది. మా దీపం అడుగు చేరలేదు. బారెడు పైనే వెలుగుతోంది. మొగుణ్ని పొట్టన పెట్టుకున్న కోడలని ఊరంతా అంటుంది. పుట్టింటికి తరిమేస్తారు. చేతిలోని చాట కింద పడేశాను.

"అత్తమ్మా, తాడు కురచైంది. నేనే కోసిన. దీపం అడుగుకు పోలే. మరిదిని దిగనియ్యకు. ఆయన్ను పైకి గుంజుండ్రి."

ముగ్గురం కలిసి మోకు గుంజాం. ఆయన తల వాలిపోయి, పెదవులు నల్లబడి పైకొచ్చాడు. ముఖాన నీళ్లు కొట్టాం. చాటతో విసురుతూ దేవుళ్లందరికీ మొక్కాను. ఎంతసేపటికో దగ్గాడు. కడుపులోదంతా కక్కాడు.

అత్తమ్మ తిట్టలేదు. నా తల నిమిరి, "నువ్వు చెప్పకుంటే ఇద్దరు కొడుకులు పోతుండె బిడ్డా" అంది. బతికున్నన్నాళ్లూ అందరికీ అదే చెప్పింది.

ముడి నా కంట పడ్డాక జరిగినదాన్ని, చూపు ఆనదు కాబట్టి, ఆమె చూడలేదు. మరిది పాతరలో ఒక కాలు పెట్టాడు. నేను చూస్తూ ఉన్నాను. రెండో కాలు కూడా పెట్టాడు. ఆ తర్వాతే నేను నోరు తెరిచాను.