తాతయ్య వంద, అక్క వెయ్యి

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ ఇంకా రాకముందు, ఉప్పల్‌లో మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా మా తాతయ్యే రాసిపెట్టేవారు. కోస్తాలో గుమాస్తాగా రిటైరై మా దగ్గరికి వచ్చేశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. నోరు మాత్రం కాస్త చేదు. బేరమాడటంలో తనను మించినవాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం.

ఒక ఏడాది వానలకు వెనక గల్లీలోకి నీళ్లొచ్చాయి. అక్కడుంటూ నాచారంలో మందుల ఫ్యాక్టరీకి పనికెళ్లే ఒకామెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఇంటి గోడ కూలి, పైకప్పు రేకులన్నీ పగిలిపోయాయి. చంటిపిల్లతో టార్పాలిన్ కింద ఉంటోంది. సర్కారు వెయ్యి రూపాయలిచ్చింది. కప్పుకు ఇంకొంత సాయం కావాలంటే మర్నాటికల్లా మండలాఫీసులో అర్జీ ఇవ్వాలి. అది రాయమని వస్తే తాతయ్య కలం తియ్యలేదు.

"ఎన్నో ఏళ్ల కిందట మా కోస్తాలో తుఫానొచ్చినప్పుడు మాకిచ్చింది వంద. నీకు దానికి పదింతలొచ్చింది. ఇంకా ఆశెందుకమ్మా?" అన్నారు.

పక్కనున్న నాకే తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం కోప్పడలేదు. ఆ వందతో ఏమేం కొన్నారని నెమ్మదిగా అడిగింది. అర బస్తా బియ్యం, వంట గిన్నెలు, ఇంటి మీదికి తాటాకు అని ఆయన గర్వంగా చెప్పారు. అక్క కొంగు ముడి విప్పి, డబ్బంతా ఆయన చేతిలో పెట్టింది.

"నాకు బేరం జెయ్యరాదు తాతా. నాక్కూడ గవ్వే తెచ్చియ్యిన్రి. ఆకు బదులు రేకులు తెస్తే సాలు."

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని హుషారుగా బయల్దేరారు. బియ్యం దుకాణంలో చాలాసేపు వాదించారు. గిన్నెల కొట్లో అలిగి వెళ్లిపోతున్నట్టు నటించారు కూడా. ఎవరూ వెనక్కి పిలవకపోతే తానే తిరిగి వెళ్లారు. రేకుల దుకాణం చేరేసరికి చేతిలో మిగిలింది ఒక్క రేకుకైనా చాలదు. అక్కడ ఆయన బేరమే ఆడలేదు.

తెచ్చినవి అక్క ముందు పెట్టి, "నా వందే పెద్దదమ్మా. తెలియక నోరు జారాను" అన్నారు. వెంటనే కాగితం తీసుకుని అర్జీ రాయడానికి కూర్చున్నారు. సాయం రావడానికి నెలలు పట్టింది గానీ, వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. వెనకటికంటే ఎన్నో రెట్లు సాయమిచ్చారని పేపర్లో చదివితే, దాంతో ఇంటికేం చేరిందని అడక్కుండా ఉండలేను. అది తాతయ్య నేర్చుకున్నది. నేను నేర్చుకున్నది వేరు. తనను ఆశపోతన్న మనిషి చేతిలోనే అక్క తనకున్నదంతా పెట్టింది. ఎవరితోనైనా వాదనకు దిగేముందు ఆమె ముఖం గుర్తొస్తుంది, నా గొంతు దానంతటదే తగ్గుతుంది.