రాజు వేయని దండ

చమురు డబ్బుతో దోహా పెరుగుతున్న రోజుల్లో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో అక్కడి తెలుగువాళ్ళం నేను రాసిన నాటకం వేశాం. రాజు ఒక రంగస్థల నటిని వలచి, నిండు సభలో ఆమె మెడలో దండ వేయాలి. రాజు మా కంపెనీ ఇంజనీరు. నటి వేషం కట్టింది కూలీల క్యాంపులో ఉండే కరీంనగర్ మేస్త్రీ. ఊళ్ళో ఆడవేషాలకు పేరున్నవాడు.

ముందువరుసలో ఆఫీసర్లను చూడగానే ఇంజనీరు దండను మేస్త్రీ కాళ్ళ దగ్గర పడేశాడు. "మెడలో వెయ్యండి!" అని తెర పక్క నుంచి అందించాను.

"కూలోడి మెడలోనా?" అన్నాడు.

మేస్త్రీ విన్నాడు. దండ తీసి తానే వేసుకున్నాడు. "గద్దె మీద కూసునుడు అచ్చింది గని, మనసిచ్చుడు రాలే రాజా నీకు!"

వెనక క్యాంపు జనం ఈలలు వేశారు. "వాణ్ణిక స్టేజీ ఎక్కించొద్దు" అని ఇంజనీరు నా మీద అరిచాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మర్నాడే మేస్త్రీ మాటను నాటకం ప్రతిలో చేర్చాను. తర్వాతి ఆటకు రాజును మార్చాను.