బండి వెనక బరువుగా కూర్చున్న ఐదు రోజులు

మమ్మల్ని ఐదు రోజులు రాళ్ల లెక్కన వాడుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు పడగొట్టి, పరీక్షలకు చదివే పిల్లల కోసం హాస్టల్ కడుతున్నారు. నేనూ మా తోటికోడలూ అక్కడ కూలి పని చేసేవాళ్లం. మట్టి తవ్వే పెద్ద పొక్లెయిన్ ఆ సందులో పట్టదని చిన్నది తెచ్చారు. పాత మెట్ల రాళ్లను గొలుసుతో బకెట్‌కు కట్టి గేటు దాకా మోయడం దాని పని. చుట్టూ తిరిగి వెళ్తే ఆలస్యమని, మట్టికుప్ప మీదుగా, రాయిని పైకెత్తి, బండి చెయ్యి ముందుకు చాచి నడిపించేవారు. అప్పుడు బండి వెనక భాగం లేచేది. దానికి మేస్త్రీ కనిపెట్టిన ఉపాయం మేము. వెనక కాలే ఇంజను మూత మీద గోనెసంచి వేసుకుని ఇద్దరం కూర్చోవాలి.

"జర మంచిగ తినుర్రి, నా బండికి మీరే బలం" అని మేస్త్రీ నవ్వేవాడు. మేమూ నవ్వాం. అందుకే నా మీద నాకూ కోపం.

ఐదో రోజు కుప్ప మీద బండి చెయ్యి పక్కకు తిరిగింది. ఒక వైపు చక్రాల చైను గాలిలోకి లేచింది. తోటికోడలు జారి నా కొంగు పట్టుకుని వేలాడింది. రాయి నేలకు తగలబట్టి బండి మళ్లీ నిలబడింది. ఆమె మోకాలు చెక్కుకుపోయింది. మేస్త్రీ మాత్రం మళ్లీ ఎక్కమన్నాడు.

మూత పక్కన ఒక పసుపు కాగితం అంటించి ఉంది. నలభై ఆరేళ్ల వయసులో, ఆ ఏడాదే చిక్కడపల్లిలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అయినా యంత్రం మీద రాసింది నాకోసమని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు కూడబలుక్కుంటూ, అందరికీ వినబడేలా చదివాను. మోసే బరువు నేలకు, బండికి దగ్గరగా ఉండాలి. వాలులో పక్కకు తిప్పరాదు. యంత్రంపై ఎవరూ కూర్చోరాదు.

డ్రైవర్ తల వంచుకున్నాడు. "నాకెరుకే అక్కా. గట్ల మెల్లగ పోతే పొద్దుగూకుతదని మేస్త్రీ ఒప్పుకోడు."

ఎరుకేనట. ఎరుకై ఉండి ఐదు రోజులు మమ్మల్ని కూర్చోబెట్టాడు.

ఎక్కకపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నాడు మేస్త్రీ. తోటికోడలు భయపడి చైను మీద కాలు పెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టి దించాను.

"ఆమె ఎక్కది. బరువే కావాల్నంటే నువ్వెక్కి కూసో అన్నా."

మేస్త్రీ బండి వైపు చూశాడు. ఎక్కలేదు.

డ్రైవర్ ఎవరినీ అడగకుండా బండి చెయ్యి లోపలికి ముడిచి, రాయిని జానెడు ఎత్తులో పట్టుకుని, కుప్పను చుట్టి వెళ్లాడు. రాయి గేటు చేరింది. బండి వెనక భాగం ఒక్కసారీ లేవలేదు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.