కింది మెట్టు ముందు బల్గేరియా

మొన్న దసరాకి చాండ్లర్‌లో మా అమ్మాయి బొమ్మల కొలువు పెట్టి, కింది మెట్టు ముందు బ్యాటరీ రైలు తిప్పింది. "క్యూట్‌గా లేదూ, అమ్మా?" అంది. నాకు ఒళ్లు మండింది. పాపం, రైలు చేసిన తప్పేమీ లేదు. ఎనభైల మొదట్లో షికాగోలో మా ఇంటి ఓనరు పెట్టిన విసుగు నాకింకా తీరలేదు, అంతే.

ఆయనది బల్గేరియాలో ఏదో చిన్న రైల్వే ఊరు. కుర్రతనంలోనే దేశం దాటి వచ్చేశాడు, మళ్లీ వెళితే పట్టుకుంటారని భయం. కింది వాటాలో ఒక్కడే ఉండేవాడు. మెట్ల దగ్గర దొరికామా, అయిపోయామే! ఉత్తరాన కొండలు, దక్షిణాన పొగాకు చేలు, మధ్యన స్టేషన్. అసలు మొదట ఊరే లేదట. టర్కీ వాళ్ల కాలంలో ఇంజన్లు నీళ్లకి ఆగే చోట నలుగురు గుడిసెలు వేసుకుంటే అదే ఊరైందట. పైన నా పప్పు మాడి వాసనొస్తున్నా ఆయన పొగాకు చేలు దాటి వచ్చేవాడు కాదు.

ఒక దసరాకి పైకి వచ్చి నా కొలువు చూశాడు. కింద ఇసక పోసి, ఆవాలు మొలకెత్తించి పల్లెటూరు పెడతాం కదా, అది చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి నా పల్లెటూరు మాయం! ఐస్‌క్రీం పుల్లల పట్టాలు, అగ్గిపెట్టెల ఇళ్లు. నా కొండపల్లి తాటిచెట్టు సిగ్నల్ స్తంభమైంది, పెళ్లికొడుకు బొమ్మ స్టేషన్ మాస్టరైంది. తలుపు తీసి రానిచ్చింది మా ఆయనే. "పెద్దాయన, పోనిద్దూ. వాళ్లక్కకి చూపించాలట" అన్నారు. ఇన్నేళ్లకి ఆవిడకి వాళ్ల ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చింది, ఆ వారమే వస్తోంది. తనకి ఊరు సరిగ్గా గుర్తుందని ఆవిడ నోట వినాలని ఈయన ఆశ. బాగానే ఉంది, పేరంటాళ్లకి జవాబు చెప్పుకోవాల్సింది నేను కదా!

"ఏవండీ, ఈ అగ్గిపెట్టెలు ఏ దేవుడివండీ?" అంది బెజవాడావిడ. ఇంకేముంది, ఆయన అందుకున్నాడు. శనగలు చల్లారిపోయాయి, హారతి ఆలస్యమైపోయింది.

అక్కగారు వచ్చింది. కింద చతికిలబడి చాలాసేపు చూసింది. స్టేషన్‌ని ఆనుకుని ఉన్న అగ్గిపెట్టెని తీసి పక్కన పెట్టి, వాళ్ల భాషలో మెల్లగా ఏదో అంది. ఆయనే నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "అది మా ఇల్లు. రెండో లైను వేసేటప్పుడు కొట్టేశారట. బాధపడతానని ఇన్నాళ్లూ చెప్పలేదట." ఆ పెట్టెని మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. ఆవిడ ఇక ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద విసుగు మాత్రం అలాగే ఉంది.

కొలువు ఎత్తే రోజు ముందుగా ఒక బొమ్మని పడుకోబెట్టి, ఆ తర్వాతే మిగతావి తీస్తాం. మీ ఊళ్లోంచి కూడా ఒకటి పడుకోబెట్టండి, సర్దేసుకుంటాను అన్నాను.

"ఇప్పుడే ఎలాగమ్మా? ఆఖరి బండి ఇంకా రాలేదు" అన్నాడు.

ఇక ఆయనతో ఎవరు వాదిస్తారు! మంచు పడేదాకా ఆ ఊరు మా హాల్లోనే ఉంది. అక్కాతమ్ముళ్లు రోజూ వచ్చి దాని ముందు కూర్చునేవారు, వాక్యూమ్ చేసుకోడానికి లేక నేను పళ్లు నూరుకునేదాన్ని. కాలానికేం, రెండో లైను వేసుకుని పోతుంది. ఇల్లు ఎక్కడ ఉండేదో గుర్తుపెట్టుకునే చాకిరీ అంతా మనిషిదే.