కోట దారిలో మిగిలిన రాయి

యాభై ఏళ్లుగా మీరు ముగ్గురూ నన్ను అబద్ధాలకోరు అంటున్నారు.

కోటగుట్ట అడవిదారి ఎక్కేటప్పుడు మొదటి మలుపులో మనిషికొక రాయి పెట్టి, దిగేటప్పుడు ఎవరి రాయి వాళ్లు తీసేవాళ్లం, గుర్తుందా? ఆ రోజు నలుగురం ఎక్కాం, నలుగురం దిగాం, నాలుగు రాళ్లూ తీశాం. అయినా ఒకటి మిగిలింది.

"నీదే మర్చిపోయి, తీసినానని అబద్ధం చెప్తాండావు కదరా!" అని నాగన్న ఎగతాళి చేశాడు. నా రాయి నిక్కరు జేబులో ఉండింది. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆ దారికి కొత్త బోర్డు పెట్టారంటే మొన్న పొద్దున పోయి చూశాను. చెట్లన్నీ ఎర్రదుమ్ము. మలుపులో ఆ మిగిలిన రాయి ఇంకా అక్కడే ఉంది, దాని మీద మాత్రం దుమ్ము లేదు. ముట్టుకుంటే, ఎవరో ఇప్పుడే చేతిలోంచి దించినట్టు వెచ్చగా ఉంది.

నాగన్నా, ఖాదరూ, ఓబులేసూ, ఆదివారం పోయి దాన్ని తీసేస్తాను. ఆలోపల చెప్పండి. ఆ రోజు మన వెనక ఎక్కి, ఇంకా దిగనివాడు ఎవడు?