అంగుళన్నర పచ్చ అద్దం

మా అత్తకు ఎడమ కంట్లో పొర తీసిన రోజు నుంచి నేను గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత పెడుతూ వచ్చాను. డాక్టరు చెప్పింది నలభై రోజులు. అన్ని రోజులూ నల్ల అద్దాలు లేకుండా ఎండలోకి రాకూడదు. అది 1959. ఉరవకొండకు ఐదు మైళ్ల దూరంలోని మా ఊళ్లో అప్పటికి ఆ ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇరవై ఆరో గీత పెట్టిన సాయంత్రం వాన పడింది.

ఆ ఏడు అదే మొదటి గట్టి వాన. అత్త చూరు కింద నిలబడి రెండు చేతులూ వానలోకి చాచింది. తుంపరకు అద్దాలు మసకబారాయని తీసి అరుగు మీద పెట్టింది. తడవకుండా అరుగెక్కిన మేక వాటిని తొక్కింది. ఇనుప తీగ చట్రం వంగింది గాని విరగలేదు. కుడి అద్దం నిలిచింది. ఎడమది ఏడు ముక్కలైంది. ఏరి లెక్కపెట్టాను.

వేరుశనగ విత్తడానికి మా ఎర్రనేలలో పదును మూడు రోజులు నిలుస్తుంది. తర్వాత తడి ఆరిపోయి, వేసిన విత్తనం మొలవదు. అనంతపురం పంపి అద్దం వేయించి తెప్పించాలంటే ఆరు రోజులు. పైగా మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గొర్రు వెనక సాలులో మొదటి పిడికెడు విత్తనం ఇంటి పెద్దామె చేత్తోనే పడాలి. తొమ్మిదేళ్లుగా అత్త ఆ పిడికెడు ఎవరికీ ఇవ్వలేదు.

"ఈ యాడాది నీ కోడలు వేస్తాదిలేమ్మా," అన్నాడు మా ఆయన.

"నా చెయ్యేమన్నా పడిపోయిందా? గొర్రు కట్టుపో. ఒట్టి కండ్లతోనే వస్తా."

"ఆ కన్ను పోతే?"

"ఇంకోటి ఉండాది కదప్పా."

గుడ్డ కట్టుకోమంటే, చెమట దిగుతుందని డాక్టరే వద్దన్నాడని ఆయన మాటే మాకు అప్పజెప్పింది. అన్నంత పనీ చేస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

మా నాయన బతికున్నన్నాళ్లూ ఉరవకొండలో దేవుని పటాలకు అద్దాలు బిగించేవాడు. నేను పెళ్లయి వచ్చేటప్పుడు ఆయన అంగట్లోంచి జానెడు పచ్చ అద్దపు ముక్క తెచ్చుకున్నాను. ముదురు పచ్చ. పెట్టెలో అడుగున ఉంది. వాన పడిన మర్నాడు నేల ఇంకా బురదగా ఉండి గొర్రు దిగలేదు. ఆ ఒక్క రోజు నాకు దొరికింది.

పగలకుండా మిగిలిన కుడి అద్దాన్ని చట్రంలోంచి విప్పి, కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీశాను. సరిగ్గా గుండ్రం, అంగుళన్నరకు నూలుపోగంత ఎక్కువ. ఆ కాగితపు బిళ్లను మైనంతో పచ్చ అద్దానికి అతికించాను. గుండ్రటి పటాలకు నాయన అద్దాన్ని నీళ్లలో ముంచి, మామూలు కత్తెరతోనే అంచు కొరికించేవాడు. అద్దం, కత్తెర, చేతులు, అన్నీ నీళ్లలోనే ఉండాలి. కత్తెర మొన పైకి తేలిందా, అద్దం నిలువునా చీలుతుంది.

"ఏమే, తొట్టెడు నీళ్లు గాజుముక్కకు పోసినావా?" అంది అత్త, తలుపు వెనక చీకట్లోంచి.

జవాబు చెప్పబోయి చెయ్యి ఎత్తాను. టప్పుమని చీలింది. ఇంక ఒక బిళ్లకే అద్దం మిగిలింది.

"అత్తా, ఇది అయ్యేదాకా నాతో మాట్లాడొద్దు."

"నేనేమంటి ఇప్పుడు?" అని, ఆమె మధ్యాహ్నం దాకా నిజంగానే మాట్లాడలేదు. మా కాపురంలో అదొక్కసారే.

రెండోది చీలలేదు. దాన్ని తడి సానరాయి మీద అటూ ఇటూ ఏటవాలుగా అరగదీశాను. పదకొండుసార్లు చట్రంలో పెట్టి చూశాను. పన్నెండోసారి కూర్చుంది. మరమేకు బిగించాను. ఆ నీళ్లలో గాజుపొడి ఉంది కాబట్టి పశువులకు పెట్టకుండా దూరంగా గుంత తీసి పోశాను.

ఇరవై ఎనిమిదో గీత రోజు పొద్దున అత్త అద్దాలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి ఎడమ కంటి నుంచి ధారగా నీళ్లు.

"ఎండ గుచ్చుతాండాది," అంది. ఆమె నోట నొప్పి మాట రావడం అరుదు.

లోపలికి తీసుకుపోయి, అద్దాలను తలుపు వెలుతురుకు పట్టి చూశాను. నల్లదానిలో గడప గీత మాత్రమే కనిపించింది. పచ్చదానిలో గడప మీది పసుపు కూడా తెలిసింది. నూలుపోగు దాకా కొలత చూసిన దాన్ని, నలుపు చూడలేదు. అసలు అద్దం మంచి కంటికి, నేను చేసింది కోత పడిన కంటికి పెట్టాను!

రెండూ గుండ్రాలే కదా. కత్తి మొనతో రెండు మరమేకులూ విప్పి, కుడిదాన్ని ఎడమకూ ఎడమదాన్ని కుడికీ మార్చాను. అత్తను వాకిట్లో నిలబెట్టి వందదాకా లెక్కపెట్టాను. కన్ను తడవలేదు.

చేని గట్టెక్కి అత్త ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ఏమే, విత్తకముందే చేనంతా పచ్చగా ఉండాది కదే!"

"అయితే విత్తనాలు ఇంటికి తీసకపోదామా?" అన్నాడు మా ఆయన.

"నోరు మూసుకోని గొర్రు తోలురా," అని ఒడిలోంచి పిడికెడు తీసి సాలులో వేసింది. రెండో పిడికెడు నాది.

నలభయ్యో గీత పెట్టిన పొద్దున ఆమెను మళ్లీ చేనికి తీసుకుపోయాను. సాళ్ల వెంట రెండేసి ఆకుల మొలకలు. అత్త అద్దాలు తీసింది, చూసింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"నీ అద్దం ఎక్కువ చెప్పినాది," అంది. "నిజంగా ఇంత లేతగా ఉండాది."